మూడు చుక్కల పాలవ్వ

సిరిసిల్లలో మా బిడ్డ ఇంట్లో ఉన్నాను. పక్కింట్లో మరమగ్గాలు నడుస్తుంటే ఫోను మోగినా వినపడదు కాబట్టి, కోరుట్ల నుంచి మా కోడలు లత మెసేజీ పెట్టింది. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. ఇప్పటికీ ఏ కబురూ నా దగ్గరికి ఒక్కసారిగా రాదు, అక్షరం వెనక అక్షరంగా వస్తుంది. 'పా' వచ్చింది, 'ల' వచ్చింది, 'వ్వ' వచ్చింది. పాలవ్వ మళ్లీ ఎవరితో ఏం పంచాయితీ పెట్టుకుందో అని నవ్వుకుంటూ ముందుకు కదిలాను. తరువాతి మాట 'పోయింది'. ఎక్కడికి పోయిందో చూద్దామని ఇంకా కిందికి వెతికాను. ఆ తర్వాత ఏమీ లేదు.

ఆమె పేరు మా వాడలో ఎవరికీ తెలియదు. ముప్పై ఏళ్లకు పైగా మా ఇళ్లకు పాలు పోసింది. మొన్నటి చలికాలం దాకా వచ్చింది. ఒకసారి ఊరికే అడిగాను, నీ పేరేమిటవ్వా అని.

"పేరెందుకే పిల్లా? నా పేరు చెప్తె పాలు పొంగుతయా?" అంది.

అప్పటికి నాకు మనవరాలు పుట్టింది. అయినా నేను ఆమెకు పిల్లనే.

కోరుట్లకు ఆనుకుని ఉన్న పల్లె నుంచి నడిచి వచ్చేది. పుట్టిల్లు మాత్రం బీర్పూర్. ఆ ఊరు విడిచి యాభై ఏళ్లయినా, ఇక్కడ ఏది బాగా లేకపోయినా "మా బీర్పూర్ల గిట్లుండదు" అనేది. ఎండ ముదిరినా అదే మాట, వంకాయలు పుచ్చినా అదే మాట. మా వాడ కుక్క ఒకసారి ఆమె కొంగు పట్టి లాగితే, దాని ముఖంలోకి చూసి, "మా బీర్పూర్ కుక్కలకు మర్యాద ఎర్క" అంది.

పాల డబ్బా మూతికి మూత ఉండేది కాదు. మోదుగాకులు కప్పి నారతో కట్టేది. మా వాడ మొదట్లో చెప్పులు విడిచి, వట్టి కాళ్లతో ఇళ్ల ముందుకు వచ్చేది. పాలు పట్టుకుని చెప్పులతో నడవకూడదట. తిరిగి వెళ్లేటప్పుడు అవి అక్కడ లేకపోతే ఎవరినీ తిట్టేది కాదు, వట్టి కాళ్లతోనే ఇంటికి పోయేది. మరునాడు కొత్త చెప్పులు మళ్లీ అక్కడే విడిచేది.

ఇక ఆమె బర్రె సంగతి. ఆమె అత్త చనిపోయిన నెలలోనే ఆ ఇంటికి ఒక బర్రె వచ్చింది. "ముసల్దాని తీరే దీనికచ్చింది. ఎంత పెట్టినా మూతి ముడుస్తది" అని దానికి అత్త అని పేరు పెట్టింది. ఆ బర్రె ముసలిదయ్యాక దాని దూడ, తర్వాత ఆ దూడకు పుట్టిన దూడ, అన్నీ అత్తలే. పాలు పోస్తూ పోస్తూ రోజూ అత్త క్షేమం చెప్పేది. "ఇయ్యాల అత్త పచ్చగడ్డి బగ్గ తిన్నది, పాలు జర పలుచగుంటయి, నన్ననకు." "నిన్న పత్తిగింజల చెక్క పెట్టిన, రేపు మీగడ సూడు." లత కొత్తగా కాపురానికి వచ్చిన వారంలో, పాలవ్వ గడప దగ్గర నిలబడి, "ఇయ్యాల అత్త కాలెత్తింది, రెండు సరిచి గుంజకు కట్టేసి అచ్చిన" అంది. లత పాలగిన్నె పట్టుకుని లోపలికి వచ్చి, గుసగుసగా, "అత్తమ్మా, ఈమె మీద ఎవరికన్న చెప్పాలె" అంది. తర్వాత చాలా రోజులు ఆ మాట చెప్పుకుని నవ్వుకున్నాం.

ఆమెకు ఇంకొక అలవాటు ఉంది. ఈ కథంతా దాని గురించే.

నాకు కొడుకు పుట్టిన కొత్తలో, ఒకనాడు వాడ మొదట్లో బోరింగు దగ్గర ఆమె డబ్బా దించి, ఆకులు తొలగించి, చేతివేళ్లు తడి చేసుకుని పాలలో విదిలించడం చూశాను. ఒకటి, రెండు, మూడు. నేను బీడీలు చుడుతున్న చాట పక్కన పెట్టి గబగబా పోయాను.

"ఏందవ్వా, నీళ్లు కలుపుతున్నవా?"

"కలుపుతున్న. కలుపకుంట ఎవలన్న పోస్తరా?" అని నన్నే వింతగా చూసింది. "ఇంట్ల ఏసుడు మర్సిన, అందుకే ఈడ ఏస్తున్న."

అప్పుడు గుర్తొచ్చింది నాకు, మా అమ్మ కూడా ఇరుగుపొరుగుకు పాలు ఇచ్చేటప్పుడు ఒక నీటిచుక్క వేసేదని. ఉత్త పాలు గడప దాటకూడదు. దాటి పరాయి పొయ్యి ఎక్కితే, ఆ వేడి బర్రె పొదుగుకు తాకుతుందని మా దిక్కు నమ్మకం. నీటిచుక్క పడితే తాకదు. మా అమ్మది ఒక చుక్క, పాలవ్వది మూడు. బీర్పూర్లో మూడేనట.

అయితే మా అమ్మ చుక్క వేసి ఊరుకునేది. పాలవ్వ వేసిన సంగతి చెప్పేది కూడా. గిన్నెలో పాలు పోసిన ప్రతిసారీ, "మూడు సుక్కలు ఏసిన" అనేది. బస్సులో కండక్టరు టికెట్ టికెట్ అన్నట్టు. కొత్తలో జనం నవ్వారు. తర్వాత ఎవరూ వినడం మానేశారు. ఆమె చెప్పడం మానలేదు.

కొన్నేళ్ల కింద ఆ ఫోను వీడియోలు వచ్చాయి. ఎక్కడో ఎవరో ఒక మిషన్‌లో సబ్బుపొడి, నూనె, ఇంకేదో తెల్లటి పొడి వేసి తిప్పితే పాలు వస్తున్నాయి. ప్లాస్టిక్ పాలట. అవి చూశాక మా వాడ ఆడవాళ్లందరూ సైంటిస్టులైపోయారు. ఒకరు మీగడను రెండు చేతులతో సాగదీస్తారు, ఒకరు పాలను సీసాలో పోసి ఊపి నురగ చూస్తారు. మా ఎదురింటి సత్తెమ్మ అయితే మీగడను ఆరబెట్టి అగ్గిపుల్ల అంటించింది.

"కాలింది! కాలింది! ప్లాస్టికే!" అని కేక పెట్టింది.

అప్పుడే పాలవ్వ వచ్చింది. "మీగడంటె నెయ్యేనే సత్తెమ్మా. నెయ్యి కాలదా? నువ్వు దీపంల పోసి కాలబెడ్తలేవా రోజూ?" అంది. సత్తెమ్మ ఆలోచనలో పడింది గానీ, అగ్గిపెట్టె మాత్రం కొంగులో నుంచి తీయలేదు.

ఆ రోజుల్లోనే మా వాడకు ఇంకొక పాలాయన రావడం మొదలైంది. మోటారుబండికి రెండు వైపులా మెరిసే క్యాన్లు, తెల్ల అంగీ, హారన్ మోత. ఆయన పాలు చూస్తేనే కడుపు నిండేది, అంత చిక్కగా ఉండేవి. అయినా సగం వాడ పాలవ్వతోనే ఉంది.

ఒక ఎండాకాలం పొద్దున, పాలు పరీక్షించే బండి మా వాడ చివర ఆగింది. ఎవరి పాలైనా తెండి, ఉచితంగా చూసి చెబుతాం అన్నారు. చిన్న వయసు ఆఫీసరు, మర్యాద గలవాడు. పాలు అమ్మేవాళ్లు కూడా రావచ్చు అన్నాడు. పాలాయన బండి దిగి ముందే నిలబడ్డాడు.

"పాలల్ల ఏమన్న కలిపినవా అన్నా, నీళ్లు గిట్ల?" అందరినీ అడిగే ప్రశ్నే ఆయననూ అడిగాడు.

"నీళ్లా? నా పాలల్ల ఒక్క సుక్క నీళ్లుంటె నా కాళ్లు చేతులు పడిపోను సారూ!"

పాలలో గాజుకడ్డీ ముంచి చూశారు. బాగానే ఉన్నాయని ఒక కాగితం రాసిచ్చారు. తర్వాత పాలవ్వ.

"అవ్వా, నువ్వేమన్న కలిపినవా?"

"కలిపిన."

ఆ అబ్బాయి చేతిలో కలం ఆగిపోయింది.

"నీళ్లేనా?"

"నీళ్లు గాకుంట ఇంకేం కలుపుతరు?"

"ఎన్ని కలిపినవ్?"

"మూడు సుక్కలు."

"రోజు కలుపుతవా?"

"రోజూ కలుపుత. మర్సిన దినం లేదు." ఆ మాట గర్వంగానే చెప్పింది. "గట్ల సూస్తవేంది బిడ్డా, మీ అమ్మ నీకు చెప్పలేదా? ఉత్త పాలు గడప దాటితె బర్రెకు తాకదా?"

అతను నవ్వు ఆపుకుని కడ్డీ ముంచాడు. ఇంకేవో మందుచుక్కలు వేసి రంగు చూశాడు. "మస్తు మంచిగున్నయి అవ్వా పాలు. నీళ్లు కలిపిన గుర్తే లేదు."

"లేకపోవుడేంది? కలిపిన అంటున్న గద!"

"మా కడ్డీకి దొరకలేదవ్వా."

"దొరకకుంటె కడ్డీ తప్పు. నన్నంటవేంది?"

ఆమెకూ కాగితం రాసిచ్చారు. ఆమె దాన్ని తెచ్చి నాకిచ్చి, చదవమంది. అప్పుడే మనవరాలి రెండో తరగతి పుస్తకం పూర్తి చేసిన ఉత్సాహం నాది. వాడంతా వినేలా చదివాను: "నీరు... లేదు."

"గా మాట కొట్టేపియ్యి పోయి."

"సర్కారు కాయితమవ్వా. కొట్టేయద్దు. మంచిగనే రాసిండ్రు, దాసుకో."

"నేను కలిపిన అంటున్న, గది లేదంటున్నది. అబద్ధం కాయితం నాకెందుకే? నువ్వే పెట్టుకో. కొత్తగ సదువు నేర్చినవు గద, సదువుకుంటుండు" అని డబ్బా ఎత్తుకుని వెళ్లిపోయింది.

కొత్తగా చదువు నేర్చినవాళ్లకు రాసిందంతా నిజమే. ముసల్దానికి చాదస్తం అనుకున్నాను. మరునాడు పాలాయన తన కాగితానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి బండి ముందు కట్టుకుని వచ్చాడు.

మా వాడ మూల మీద ఒక సారు ఉంటారు. జగిత్యాలలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. రోజూ అరుగు మీద పేపరు గట్టిగా చదివి, మధ్యమధ్య మాకు అర్థం చెబుతారు. పాలవ్వ దగ్గర మొదటి నుంచీ పాలు తీసుకున్నది ఆయనే. పరీక్ష జరిగిన సాయంత్రమే అరుగు మీద ఆయన తీర్పు చెప్పారు.

"దొంగతనం చేసినోడు ఎప్పుడన్న పూర్తిగ ఒప్పుకుంటడా? మూడు సుక్కలు అన్నదంటె మూడు చెంబులు అనుకోండ్రి."

"మరి పరీక్షల దొరకలేదు గద సారూ?" అంది సత్తెమ్మ.

"దొరకకుంట కలుపుతున్నదంటె ఇంకెంత తెలివి ఉండాలె!"

కడ్డీకి దొరికితే దొంగ, దొరకకపోతే గజదొంగ. వారం తిరిగేసరికి వాడంతా బండి పాలకు మారిపోయింది. పాలవ్వకు రెండే ఇళ్లు మిగిలాయి.

ఆ రెండింట్లో మా ఇల్లు లేదు. లత చంటివాడికి రెండేళ్లు. పిల్లవాడు తాగే పాలు, భయం ఉండదా? ఒక పొద్దున పాలవ్వ గడప ముందు డబ్బా దించుతుంటే, లత లోపలి నుంచే అంది: "ఇయ్యాల పాలద్దు అవ్వా."

"రేపు?"

"రేపు చెప్త."

పాలవ్వ నా వైపు చూసింది. "ఏమే పిల్లా, నువ్వు గూడ ఫోన్ల సూసినవా?"

"కోడలి ఇష్టమవ్వా" అన్నాను చాటలోని తునికాకును కత్తిరిస్తూ. ఆ ఆకు అప్పటికే కత్తిరించి ఉంది. నా కొడుకు ఆమె పాలతోనే పెరిగి, దుబాయికి పోయేంతవాడయ్యాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా ఎత్తలేదు. డబ్బా ఎత్తుకుని పక్కింటికి పోయింది.

విచిత్రం ఏమిటంటే, ఆమె రావడం మానలేదు. రోజూ ప్రతి గడప ముందూ నిలబడి, "ఇయ్యాల పొయ్యాల్నా?" అని అడిగేది. వద్దంటే, "అయితె రేపు" అనేది. మొహం చిన్నబుచ్చుకున్నట్టు కనిపించేది కాదు. మిగిలిన పాలు తోడేసి, మజ్జిగ చేసి, బీడీ కార్ఖానా ముందు ఎండలో కూర్చున్న ఆడవాళ్లకు ఊరికే పోసేది. మజ్జిగలో నీళ్లు ఎన్ని పోసిందో కూడా చెప్పేది.

ఒకనాడు ఆమె కొడుకు నా దగ్గరికి వచ్చాడు. నలభై దాటినవాడు, వ్యవసాయం చేసుకుంటాడు.

"పెద్దమ్మా, నువ్వన్న చెప్పు మా అమ్మకు. మోకాళ్లు పోయినయి. కొనేటోళ్లు లేని పాలకు బర్రె ఎందుకు? బేరగాడు సూసి పోయిండు. వచ్చే శనివారం అంగడికి తోలుకపోత."

"అత్తనా?"

"అత్తనే" అన్నాడు తల వంచుకుని. "మీ వాడ మళ్ల పాలు తీసుకుంటె బర్రెను అమ్మను. లేకుంటె ఉంచుడు నాతోని గాదు."

మరునాడు పాలవ్వను అడిగితే నవ్వింది. "అత్తను అంగట్ల అమ్ముతరా ఎవలన్న? ఊరు నవ్వదా?" అంది. కానీ ఆకులు కట్టే నార ఆ రోజు ఆమె చేతిలోంచి రెండుసార్లు జారింది.

ఆ వారంలోనే మా ఇంట్లో ఒకటి జరిగింది. పొద్దున పాలాయన పోసిన పాలు కాచకుండా మరచిపోయి, లత గిన్నెను కిటికీలో వదిలేసింది. ఎండ నెత్తి మీదికి వచ్చాక చూసుకుంది. కాచింది. విరగలేదు. "సూడు అత్తమ్మా, ఎంత మంచి పాలో! గింత ఎండకు గూడ చెడిపోలేదు" అని మురిసిపోయింది. అవే పాలు తోడేస్తే, మరునాటికి తోడుకోనూ లేదు. సాగుతూ, నీళ్లు నీళ్లుగా, అదొక వాసన. సరిగ్గా అప్పుడే పాలవ్వ గడప ముందుకు వచ్చి, రోజూ అడిగే ప్రశ్న అడిగింది. లత ఆ గిన్నెను చూపించింది.

పాలవ్వ వాసన చూసి, ముక్కు పక్కకు తిప్పుకుంది. "ఎండల మనిషే ఇరుగుతడు బిడ్డా, పాలు ఇరగకుంటె ఎట్ల? అండ్ల ఏం కలిసిందో ఆయన్నే అడుగు. నాదైతె మూడు సుక్కలు, చెప్పిన."

లత అడిగింది. "అన్నా, పాలల్ల ఏం కలుపుతున్నవు?"

"నీళ్లంటె నీళ్లు లెవ్వక్కా. కాయితం సూడు."

"నీళ్లు గాదన్నా. ఇరగకుంట ఇంకేమన్న..."

"కాయితం సూడక్కా" అని బండి స్టార్ట్ చేశాడు.

నేను లోపలికి పోయి, పెట్టెలో ఉన్న పాలవ్వ కాగితం తీసి చూశాను. అదే రంగు, అవే గీతలు, అదే మాట: నీరు లేదు. రెండు కాగితాలు ఒకటే చెబుతున్నాయి. వాటిని తెచ్చుకున్న మనుషులు మాత్రం ఒకటి కాదు. కాగితంలో చదవడానికి ఇంకేమీ లేదు. "ఎవలినీ నమ్మబుద్ధయితలేదు, పాలే బంద్ జేద్దాం అత్తమ్మా" అంది లత. పిల్లవాడు ఖాళీ గిలాస నేలకు కొడుతున్నాడు.

గురువారం సాయంత్రం నేను పాలవ్వ ఊరికి నడిచిపోయాను. ముప్పై ఏళ్లలో అత్తను చూడడం అదే మొదటిసారి. వినీ వినీ ఏనుగంత ఊహించుకున్నాను. చిన్న బర్రె, ఒక కొమ్ము వంకర. పాలవ్వ కింద కూర్చుని పితుకుతోంది. నన్ను చూసి, "మాట్లాడకు, కొత్తోళ్లను సూస్తె చేపది, పాలు దించది" అంది. నేను గోడవారన కూర్చున్నాను. పితికి లేచాక చెప్పాను.

"అవ్వా, నా మాట విను. రేపటి సంది నీళ్లు కలుపకు. లేకుంటె, కలుపు గని చెప్పకు. వాడనంత నేను ఒప్పిస్త."

ఆమె చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది.

"కలుపకుంటె అత్తకు కీడు. చెప్పకుంటె నాకు కీడు. రెండిట్ల ఏ కీడు మంచిదో నువ్వే చెప్పు, సదువుకున్నదానివి."

"మూడు సుక్కల కోసం ముప్పై ఏండ్ల వాడ పోతున్నది అవ్వా. ఎల్లుండి అత్త పోతది."

ఆ మాట అనకపోతే బాగుండేది. ఆమె బర్రె పక్కటెముకలకు నుదురు ఆనించి నిలబడింది. బర్రె కూడా కదల్లేదు. తర్వాత, నాతో కాదు, దానితోనే అన్నట్టు అంది:

"సుక్క పడాలె. గడప దాటే ముందు పడాలె. గంతే గద?"

"గంతేనవ్వా."

"ఏ గడపనో ఎవలు చెప్పలేదు. ఎవల చెయ్యో గూడ చెప్పలేదు." నా వైపు తిరిగింది. "నువ్వు ఇంటికి పో పిల్లా. పొద్దుగాల లతను లేపి ఉంచు."

శుక్రవారం పొద్దున మొట్టమొదట మా ఇంటికే వచ్చింది. డబ్బా దించి, గడప బయటే కూర్చుంది.

"బిడ్డా లతా, బయటికి రా. చెంచెడు నీళ్లు తే, మీ ఇంట్లయి."

లత తెచ్చింది. పాలవ్వ ఆకులు విప్పి డబ్బా ముందుకు జరిపింది. "ఇయ్యాల నేను ఏం కలుపలేదు. వాసన సూడు. గోటి మీద ఏస్కొని సూడు." లత బొటనవేలి గోటి మీద చుక్క వేసుకుంది. పాలు జారకుండా ముత్యంలా నిలబడ్డాయి. పాలవ్వ కొలత గిన్నె నింపి లత ముందు పట్టింది.

"ఇగ ఎయ్యి. మూడు."

"ఏంది ఎయ్యాలె?"

"నీళ్లు."

"మంచి పాలల్ల నేను నీళ్లు కలుపుడేంది అవ్వా?"

"కలుపకుంటె పాలు పొయ్యను."

లత నా వైపు చూసింది. నేను తల ఊపాను. మూడు చుక్కలు వేసింది.

"చెప్పు ఇగ."

"ఏం చెప్పాలె?"

"ఏం కలిపినవో చెప్పు. కలిపినోళ్లు చెప్పాలె. గట్టిగ."

లత మొహం ఎర్రబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మూడు సుక్కల నీళ్లు కలిపిన" అంది. పాలవ్వ వినపడలేదన్నట్టు చెయ్యి చెవి దగ్గర పెట్టింది. లత ఈసారి అరిచింది: "మూడు సుక్కల నీళ్లు కలిపిన!"

ఎదురు తలుపు తెరుచుకుంది. "ఏందే లతా, పొద్దుగాల్నే పోలీసులకు చెప్పినట్టు చెప్తున్నవు?" అంటూ సత్తెమ్మ వచ్చింది. సంగతి విని, పడీపడీ నవ్వి, తనూ చెంచా తెచ్చింది. గోటి మీద చూసింది, చుక్కలు వేసింది, అరిచింది. ఆమె గొంతు అంగడి దాకా వినపడే గొంతు. ఇక ప్రతి ఇంటి ముందూ అదే. పాలు తన కళ్ల ముందు చూసుకోవడం, తన నీళ్లు తన చేత్తో వేయడం, నోరారా చెప్పుకోవడం. ఎవరికి అనుమానం ఉంటే వాళ్ల చెయ్యే పాలలో ఉంది. ఇంక అనుమానించేది ఎవరిని?

అరుగు మీద సారు పేపరు మడిచి, అన్నీ చూస్తూ ఉన్నారు. చివరికి పాలవ్వ ఆయన ముందు డబ్బా దించింది. మేమందరం పాలగిన్నెలతో వెనకే వెళ్లాం.

"ఇయ్యాల పొయ్యాల్నా సారూ?"

"నేనెందుకు నీళ్లు కలపాలె? నేను పాలు కొనేటోణ్ణి గని కల్తీ చేసేటోణ్ణి కాదు" అన్నారు ఆయన.

"అయితె అద్దు తియ్యిండ్రి." ఆమె నార చేతిలోకి తీసుకుంది.

"ఆగు." సారు ఒకసారి మా అందరి గిన్నెల వైపు చూశారు. లోపలికి పోయి, ఫిల్టరు నీళ్లు ఒక చెంచాలో తెచ్చారు. గోటి మీద పాలు వేసుకుని, కళ్లద్దాలు పైకి నెట్టి చూశారు. ఆ చుక్క ఎంతకీ జారలేదు. అప్పుడు చెంచా వంచారు. ఒకటి. రెండు. మూడు. చెంచా వెనక్కి తిప్పేలోపు ఇంకొకటి పడింది.

పాలవ్వ, "చెప్పుండ్రి సారూ" అంది.

"మూడు చుక్కల నీళ్లు కలిపిన" అన్నారు సారు, కొంచెం బడి గొంతుతో.

"నాలుగు."

"మూడే."

"నాలుగు పడ్డయి సారూ. గిన్నె నా చేతులనే ఉన్నది."

సారు మా వైపు తిరిగారు. సత్తెమ్మ నాలుగు వేళ్లు చూపించింది. లత పిల్లవాణ్ణి ఎత్తుకుని, నవ్వు ఆపుకోలేక వాడి మెడలో మొహం దాచుకుంది. ఆయన చెంచా కిందికి దించారు.

"నాలుగు" అన్నారు చివరికి. "నాలుగు చుక్కలు కలిపిన."

"గట్ల చెప్పుండ్రి." పాలవ్వ పాలు ఆయన గిన్నెలో పోసింది. పోసి, డబ్బాలోంచి ఇంకొంత ముంచి కొసరు వేసింది. "నీళ్లు ఎక్కువ పడ్డయి గద, పాలు గూడ ఎక్కువ పడాలె." తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "రేపు శనివారం. రేపు పొయ్యాల్నా, అద్దా?"

ఆ ప్రశ్న సారును ఒక్కరినే కాదని మాకందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడకముందే ఆయన అన్నారు: "రేపేంది, రోజూ పొయ్యి."

ఆమె ఆకులు కప్పింది, నార బిగించింది. ఈసారి చేతిలోంచి జారలేదు. లేస్తూ మోకాలు పట్టుకుని, "రోజూ అంటె నేనెట్ల చెప్త సారూ? అత్తనడగాలె" అని, డబ్బా నడుముకెత్తుకుని, వట్టి కాళ్లతో నడిచి వెళ్లిపోయింది.